గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవనప్పుడు

పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ దాచి ఉంది. అందులో ఒక నెల మొత్తం పాల లెక్క లేదు, గడుల నిండా పెన్సిలు గీతలే. ఒక రోజు తొమ్మిది, మరునాడు పదకొండు, ఆ మరునాడు పద్నాలుగు. అవి నా వాంతులు. గీతలు గీయమన్నది మా ఆశా దీదీ, అంటే మా ఊరి ఆశా కార్యకర్త. అప్పటిదాకా నేను ఎవరికి మొర పెట్టుకున్నా "వేవిళ్లు ఎవరికి రావమ్మా" అన్న మాటే తిరిగి వచ్చేది. గీతలు లెక్కపెట్టిన రోజున మాత్రం మా అత్తగారు ఇంకేమీ అనకుండా ఆటో పిలిపించారు.

మాది ఒడిశాలో గుణుపురం దగ్గర. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. పుట్టిల్లు పాతపట్నంలోనో పార్వతీపురంలోనో, అత్తిల్లు ఇటు రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల్లోనో ఉన్న ఆడపిల్లలు మాలో బోలెడుమంది. కడుపుతో ఉండి, రోజంతా వాంతులతో మంచం పట్టినవాళ్ల కోసం, వాళ్లను చూసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టరును కాను. ఒకసారి తెలియక, రెండోసారి తెలిసి ఈ బాధ పడ్డదాన్ని. మందుల దగ్గర మీ డాక్టరు మాటే చెల్లుతుంది.

ముందు లెక్క మొదలుపెట్టండి

మామూలు వేవిళ్లు ఆఖరి బహిష్టు నుంచి లెక్కిస్తే నాలుగు నుంచి ఏడో వారం మధ్య మొదలవుతాయి. తొమ్మిదో వారం ప్రాంతంలో ముదురుతాయి. ఎక్కువమందికి అయిదో నెల నిండేలోపు సద్దుమణుగుతాయి. వికారం ఉన్నా మధ్యమధ్య ఏదో ఒకటి తినగలుగుతారు, తాగింది చాలావరకు నిలుస్తుంది, మూత్రం సరిగా వస్తుంది. అది ఓర్చుకోదగ్గ కష్టం.

తినడం, తాగడం సాగక, రోజువారీ పనులన్నీ ఆగిపోయే స్థితి వేరు. దాన్ని వైద్యులు హైపర్‌ఎమెసిస్ గ్రావిడారమ్ అంటారు. నూటికి మహా అయితే ఇద్దరు ముగ్గురికి వస్తుంది. అందుకే మన వీధిలో దాన్ని చూసినవాళ్లు తక్కువ, మామూలు వేవిళ్లు పడ్డవాళ్లు ఎక్కువ. వాళ్లు తమ అనుభవంతో కొలిచి "ఇంతేగా" అంటారు. వాళ్లతో వాదించే ఓపిక మీకు ఉండదు కాబట్టి అంకెలు చూపించండి.

గడిచిన 24 గంటల గురించి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆసుపత్రుల్లో వాడే కొలతే ఇది, పేరు ప్యూక్. మొదటి ప్రశ్న, వికారం మొత్తం ఎంతసేపు ఉంది? లేకపోతే 1 మార్కు, గంట లోపయితే 2, రెండు మూడు గంటలయితే 3, నాలుగు నుంచి ఆరు గంటలయితే 4, అంతకు మించితే 5. రెండోది, ఎన్నిసార్లు వాంతి అయింది? లేకపోతే 1, ఒకటి రెండుసార్లకు 2, మూడు నాలుగుకు 3, అయిదారుకు 4, ఏడు దాటితే లేదా ఏడైతే 5. మూడోది, ఏమీ పడకుండా వట్టి ఓకరింపులు ఎన్నిసార్లు? దీనికీ రెండో ప్రశ్న మార్కులే. మూడూ కలపండి. ఆరు దాకా తేలిక, 7 నుంచి 12 దాకా మధ్యస్థం, 13 నుంచి 15 దాకా తీవ్రం. రోజూ ఒకే వేళకు, రాత్రి పడుకునే ముందు వేసుకుంటే పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది.

దానితోపాటు ఇంకో రెండు రాయండి. ఒకటి, మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లారు, రంగు ఎలా ఉంది. రెండోది బరువు, వారానికి రెండుసార్లు, ఒకే తూకం మీద. అంగన్‌వాడీలో తూకం ఉంటుంది, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కడుపుతో కాకముందు ఉన్న బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే అది జబ్బు కిందే లెక్క. 40 కిలోలున్న మనిషికి రెండు కిలోలు, 50 ఉన్నవాళ్లకు రెండున్నర. నేను 46 నుంచి 42కు దిగాను. చీర కుచ్చిళ్లు రెండు ఎక్కువ పెట్టుకోవలసి వచ్చినప్పుడయినా నాకు తెలియాల్సింది.

ఎందుకు వస్తుందో ఇంట్లో చెప్పండి

"మనసు గట్టిగా పెట్టుకో", "పని తప్పించుకోవడానికి", "మొగుడు దగ్గర లేడని బెంగ". ఈ మూడూ నేను విన్నాను. మాయ నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంది. అది మెదడులో వాంతిని నడిపే చోటును తడుతుంది. కడుపు రాకముందు ఆ హార్మోను ఒంట్లో తక్కువగా ఉన్న ఆడవాళ్లకు అది ఒక్కసారిగా పెరిగేసరికి తట్టుకోలేనంత వికారం పుడుతుందని మార్లీనా ఫెజో, స్టీఫెన్ ఓరాహిలీ అనే శాస్త్రవేత్తల బృందం 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో చూపించింది. ఫెజో స్వయంగా ఈ జబ్బుతో 1999లో గర్భం పోగొట్టుకున్న మనిషి. ఒంట్లో పుట్టినప్పటి నుంచీ ఉండే తీరు ఇందులో పెద్ద వాటా కాబట్టే తల్లికి, అక్కచెల్లెళ్లకు ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువ. అమ్మను అడిగి చూడండి. మా అమ్మ నన్ను మోస్తున్నప్పుడు నాలుగు నెలలు పుట్టింట్లోనే పడి ఉందన్న సంగతి నేను అడిగితేనే బయటికి వచ్చింది.

నీళ్లు: చెంచా లెక్కన

తిండి లేకుండా కొన్ని రోజులు గడుస్తాయి, నీళ్లు లేకుండా గడవవు. కాబట్టి మొదట తాగడం సంగతే చూడాలి. గ్లాసుతో తాగితే కడుపు ఒక్కసారిగా నిండి మొత్తం తిరిగి వస్తుంది. నాకు పనికొచ్చిన వస్తువు ఉగ్గు గిన్నె. పుట్టబోయే బిడ్డ కోసం అమ్మ ముందే పంపిన వెండి ఉగ్గు గిన్నెతో మొదట తాగింది నేనే.

మూడు నిమిషాలకు ఒక చిన్న చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు. గంటకు 100 అవుతుంది. మెలకువగా ఉన్న పది గంటలు అలా సాగితే లీటరు లోపలికి పోయినట్టు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదటి చెంచా నుంచి మొదలుపెట్టండి. పక్కన ఎవరైనా కూర్చుని ఫోనులో సమయం చూసి పోస్తే ఇంకా మంచిది, ఎందుకంటే వికారంలో ఉన్న మనిషికి మూడు నిమిషాలు కూడా గుర్తుండవు. ఇంట్లో ఖాళీగా ఉండే ఎనిమిదేళ్ల పిల్లకు ఈ పని అప్పగిస్తే పెద్దవాళ్లకంటే శ్రద్ధగా చేస్తుంది.

ఏమి తాగాలి? ఆశా దగ్గర దొరికే ఓఆర్ఎస్ పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. సగం పొట్లం, అరలీటరు అంటూ కళ్లతో కొలవకండి. మందుల దుకాణంలో డబ్బాల్లో అమ్మే తీపి పళ్లరసాలు ఓఆర్ఎస్ కావు. పొట్లం లేనప్పుడు లీటరు నీళ్లకు తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఆ రుచే డోకు తెప్పిస్తే పైడ నీళ్లు (కొబ్బరి బొండం నీళ్లు), పల్చటి మజ్జిగ, ఉప్పు వేసిన గంజి, చద్దన్నం మీద తేరిన తరవాణి. తరవాణి అంటే మా అత్తగారికి ప్రాణం, ఆవిడ పక్కింటి ఒడియా వాళ్లతో కలిసి దాన్ని తొరాణి అంటారు. నాకూ చల్లగా, పుల్లగా ఉన్న అదే నిలిచింది. అయితే మంచి నీళ్లతో, మూత పెట్టి, రాత్రి వేసి పొద్దున తాగేదయి ఉండాలి. రెండు రోజులు నిలవ ఉన్నది వద్దు. ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఓఆర్ఎస్‌ను మంచు ముక్కలుగా గడ్డ కట్టించి చప్పరించవచ్చు.

తిండికీ నీళ్లకూ మధ్య అరగంట ఎడం ఉంచండి. రెండూ కలిస్తే కడుపు బరువెక్కుతుంది.

తిండి: ఏది నిలిస్తే అదే

ఈ మూడు నెలలు పోషకాహారం గురించి ఉపన్యాసాలు వద్దు. గుడ్డు తినలేదని, పాలు తాగలేదని ఎవరూ దిగులు పడనక్కర్లేదు. బిడ్డ ఇంకా బొటనవేలంత ఉంటుంది, దానికి కావలసింది తల్లి ఒంట్లోని నిల్వ నుంచి తీసుకుంటుంది. ఎండిపోతున్నది తల్లి. ఒక వారమంతా అటుకులు, పెరుగు తప్ప ఏదీ నిలవకపోతే ఆ వారం అటుకులు, పెరుగే భోజనం.

పొద్దున కళ్లు తెరవగానే లేవకండి. తలగడ పక్కన డబ్బాలో ముధి, అదే మన మరమరాలు, ఉంచుకోండి. పడుకునే నాలుగు గుప్పెళ్లు నమిలి, పావుగంట ఆగి, పక్కకు తిరిగి, అప్పుడు నెమ్మదిగా లేవండి. ఖాళీ కడుపు కూడా వికారాన్ని పెంచుతుంది. అందుకని రెండేసి గంటలకు గుప్పెడు. రాత్రి మెలకువ వస్తే అప్పుడూ గుప్పెడు.

వేడి అన్నం కంటే చల్లారినది నయం, వాసన తక్కువ. చోడి (రాగి) అంబలి పల్చగా కాచి పూర్తిగా చల్లార్చి, నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి చూడండి. నూనెలో తేలినవి, కారం, మసాలా మానండి. అల్లం తేలిక వికారానికి కొంత పని చేస్తుంది. రోజుకు పద్నాలుగు వాంతులయ్యే మనిషికి అల్లం రసం పోసి "ఇక తగ్గుతుంది" అనడం మాత్రం మంటను ఉమ్మితో ఆర్పడమే. అయినా ప్రతి చుట్టమూ అల్లం ముక్క పట్టుకునే వస్తారు, తీసుకుని పక్కన పెట్టండి.

వాసనలు తిండి కంటే పెద్ద శత్రువులు. మా వంటింట్లో పోపు పడగానే నేను వీధి గుమ్మం దాటేదాన్ని. మా వైపు ఇళ్లలో ఇంకో రెండున్నాయి. ఒకటి సుఖువా, ఎండు చేప వేపుడు. రెండోది చైత్రంలో వాకిళ్లలో ఆరబోసే ఇప్పపూలు, వాటి మత్తు వాసన గోడలకు కూడా పడుతుంది. ఇంటివాళ్లకు ఒక మాట. ఆ రెండు మూడు నెలలు సుఖువా వండాలనిపిస్తే పక్కింట్లో వండుకుని తినేసి రండి. పొయ్యి వీలయితే పెరట్లోకి మార్చండి. కోడలికి వాసన పడటం లేదంటే నాజూకు అనుకోకండి, అత్తగారూ. ఆ హార్మోనుకు మర్యాద తెలియదు.

నోట్లో ఉమ్మి అదే పనిగా ఊరడం కొందరికి ఉంటుంది. మింగితే వాంతి వస్తుంది కాబట్టి అడుగున బూడిద పోసిన గిన్నెలో ఊసేయండి. వాంతి అయిన వెంటనే పళ్లు తోముకోకండి, కడుపులోంచి వచ్చిన పులుపు పంటి మీద ఉండగా తోమితే పళ్లు అరుగుతాయి. గ్లాసు నీళ్లలో చిటికెడు వంట సోడా కలిపి పుక్కిలించి, అరగంట తర్వాత తోముకోండి.

ఐరన్ మాత్ర వికారాన్ని పెంచుతుంది. మన ప్రభుత్వ పద్ధతిలో కూడా ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచే మొదలవుతాయి, మొదటి మూడు నెలలూ ఫోలిక్ యాసిడ్ ఒక్కటే. ఎవరైనా ముందే ఐరన్ రాసి ఉంటే ఆపవచ్చేమో అడగండి. ఫోలిక్ యాసిడ్ మాత్రం మానకండి.

మందు వేసుకోవడం తప్పు కాదు

"కడుపులో బిడ్డ ఉండగా మాత్రలా" అన్న భయం మీకూ ఉంటుంది. నాకూ ఉండేది. తినకుండా, తాగకుండా ఎండిపోవడం ఎవరికీ మేలు చేయదు. డాక్టర్లు సాధారణంగా మొదట ఇచ్చేది డాక్సిలమైన్, పైరిడాక్సిన్ కలిసిన మాత్ర. పైరిడాక్సిన్ అంటే బి6 విటమినే. ఈ జోడీకి పెద్ద చరిత్ర ఉంది. 1956 నుంచి అమెరికాలో అమ్మారు. బిడ్డకు లోపాలు వస్తాయన్న కోర్టు కేసులు పెరిగి 1983లో కంపెనీ అమ్మకం ఆపేసింది. ఆ ఆరోపణ పరిశోధనల్లో నిలబడలేదు, 2013లో అక్కడి ప్రభుత్వం మళ్లీ అనుమతించింది. మన దేశంలో సులువుగా దొరుకుతుంది. రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టిస్తారు, చాలకపోతే పొద్దున, మధ్యాహ్నం కలుపుతారు. వాంతి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర కాదిది, వాంతి ఉన్నా లేకపోయినా వేళకు పడాలి. మత్తుగా ఉంటుంది, అది మామూలే.

దీనితో తగ్గకపోతే ప్రోమెథజైన్, ప్రోక్లోర్‌పెరజైన్, మెటోక్లోప్రమైడ్, ఒండాన్సెట్రాన్ లాంటివి ఉన్నాయి. ఒండాన్సెట్రాన్‌ను మన దుకాణాల్లో అడిగినవాళ్లకల్లా ఇచ్చేస్తారు. మొదటి మూడు నెలల్లో వాడితే పెదవి లేదా అంగిలి చీలి పుట్టే పిల్లలు పది వేలకు 11 నుంచి 14కు పెరుగుతారని లెక్క. చాలా చిన్న తేడా, అవసరమైన చోట డాక్టర్లు తూచి ఇస్తారు. కానీ ఆ తూకం దుకాణంవాడు వేసేది కాదు. మలబద్ధకం కూడా తెస్తుంది. మెటోక్లోప్రమైడ్ వేసుకున్నాక మెడ, దవడ బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆపి వెంటనే చెప్పాలి. ఒక మందు పని చేయకపోతే ఇంకొకటి ఉందని గుర్తుంచుకోండి. "మందులు పడవు నాకు" అని మొదటిదానితోనే ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

గ్లూకోజు బాటిల్ దగ్గర ఆగండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు చెబుతాను, నేను దెబ్బ తిన్నది ఇక్కడే. మొదటి కడుపు అప్పుడు ఊళ్లో సూది వేసే ఆయన వరసగా మూడు రోజులు గ్లూకోజు బాటిళ్లు ఎక్కించారు. దూలానికి తాడు కట్టి, తాడుకు బాటిల్ వేలాడదీసి. ఎక్కుతున్నంతసేపు బాగుండేది. మూడో రోజు సాయంత్రానికి గుమ్మం రెండుగా కనిపించింది. నడిస్తే కాళ్లు ఎటో పడ్డాయి. నీరసం అనుకున్నాం.

నీరసం కాదు. వారాల తరబడి తిండి నిలవని ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటిపోతుంది. గ్లూకోజును వాడుకోవడానికి ఒంటికి థయమిన్ కావాలి. అది లేని ఒంట్లోకి గ్లూకోజు పోస్తే మిగిలిన చుక్క కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. దాన్ని వెర్నికీ అంటారు. చూపు రెండుగా కనబడటం, కళ్లు ఊగడం, నడక తడబడటం, మాటల్లో పొంతన పోవడం దాని గుర్తులు. గంటల్లో వైద్యం అందితే తిప్పుకోవచ్చు, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నా కళ్లలోకి లైటు వేసి చూసి, ఇంకే బాటిల్ ముట్టుకోకుండా ముందు థయమిన్ ఇంజెక్షన్ వేయించింది. నా అదృష్టం.

కాబట్టి ఎక్కడ చేరినా ఒక మాట అడగండి: "గ్లూకోజు కంటే ముందు థయమిన్ ఇచ్చారా?" కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి. ఇలాంటప్పుడు మొదట ఎక్కించాల్సింది ఉప్పు నీళ్ల సెలైను, రక్తపరీక్ష చూసి అవసరమైతే పొటాషియం కలిపి. గ్లూకోజు అవసరమైతే థయమిన్ తర్వాతే.

అన్ని వాంతులూ కడుపు వల్లే కావు

మా జిల్లాల్లో ఇది మరీ ముఖ్యం. జ్వరం ఈ జబ్బు లక్షణం కాదు. వాంతులతో పాటు జ్వరం, చలి ఉంటే మలేరియా పరీక్ష ఆ రోజే చేయించాలి. ఆశా దగ్గర వేలికొన నెత్తుటి చుక్కతో చేసే కిట్టు ఉంటుంది, ఉచితం. కడుపుతో ఉన్నవాళ్లకు మలేరియా తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. మందు నెలలను బట్టి మారుతుంది కాబట్టి ఇంట్లో మిగిలిన మాత్రలు వేసుకోకండి.

సికిల్ సెల్ మా వైపు చాలా కుటుంబాల్లో ఉంది. ఆ జబ్బు ఉన్నవాళ్లకు ఒంట్లో నీరు తగ్గితే నెత్తుటి కణాలు కొడవలిలా వంగి నెత్తుటి నాళాల్లో ఇరుక్కుని భరించలేని నొప్పులు మొదలవుతాయి. వీళ్లు పైన చెప్పిన చెంచా వైద్యంతో ఇంట్లో రెండు రోజులు చూడటం కుదరదు, నీళ్లు నిలవని మొదటి రోజే ఆసుపత్రికి పోవాలి. పరీక్ష ఎప్పుడూ చేయించుకోకపోతే ఇప్పుడు అడగండి, 2023 జూలై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ కార్యక్రమం కింద మన జిల్లాల్లో చేస్తున్నారు.

మూత్రంలో మంట, కళ్లు పచ్చబడటం, కడుపులో విడవని నొప్పి, తొమ్మిదో వారం దాటాక కొత్తగా మొదలైన వాంతులు, వీటన్నిటికీ వేరే కారణం వెతకాలి. స్కానింగ్ కూడా తప్పదు. కవలలయినా, ముత్యాల గర్భమయినా (మాయ సరిగా ఏర్పడక బుడగల గుత్తిలా పెరిగేది) వాంతులు విపరీతంగా ఉంటాయి. థైరాయిడ్ కూడా చూస్తారు.

ఆసుపత్రికి ఎప్పుడు, ఎలా

ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోయినా, వచ్చింది ముదురు తేనె రంగులో ఉన్నా, 24 గంటలుగా ఏదీ నిలవకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా, వాంతిలో నెత్తురు కనిపించినా, గుండె దడదడలాడుతున్నా ఆగకండి. మంచం మీద ఎక్కువ రోజులున్నవాళ్లకు ఒక పిక్క వాచి నొప్పి పెడితే అదీ వెంటనే చూపించాలి, నెత్తురు గడ్డ కట్టి ఉండవచ్చు. ప్రతి నెల 9న ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి, మంచిదే, కానీ 9 దాకా ఆగే జబ్బు కాదిది.

ఒడిశాలో గర్భిణుల బండికి 102, అత్యవసరానికి 108. సరిహద్దు ఊళ్లలో ఫోను అవతలి రాష్ట్రం టవరు పట్టుకుంటే పిలుపు అటు పోవచ్చు. అందుకని ఎత్తగానే పేరు కంటే ముందు రాష్ట్రం, జిల్లా, బ్లాకు చెప్పండి. ప్రభుత్వాసుపత్రిలో గర్భిణికి మందులు, పరీక్షలు, భోజనం, బండి ఉచితం. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద అది మీ హక్కు. సీహెచ్‌సీలో, అంటే సామాజిక ఆరోగ్య కేంద్రంలో, కుదరకపోతే జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి కొరాపుట్‌లోనో బరంపురంలోనో ఉన్న వైద్య కళాశాల ఆసుపత్రికి పంపుతారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులు ఇంకా పెరుగుతాయి. మూత ఉన్న చిన్న బకెట్టు, రెండు తువ్వాళ్లు, ఉగ్గు గిన్నె దగ్గర పెట్టుకోండి, వీలయితే ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు మీద చూపు నిలపండి.

పుట్టింటికి, అంటే ఆంధ్ర వైపు, వెళ్లేవాళ్లు గర్భిణి కార్డుతో పాటు ఒక తెల్ల కాగితం మీద ఆఖరి బహిష్టు తేదీ, బరువులు, వేసుకున్న మందుల పేర్లు తెలుగులో రాయించుకోండి. మా కార్డు మీద ఒడియా రాత శ్రీకాకుళంలో నర్సుకు అర్థం కాక, పరీక్షలన్నీ మొదటి నుంచి చేశారు.

ఇటు వైపు ఆసుపత్రిలో డాక్టరుకు తెలుగు రాకపోవచ్చు. మీకు బజారు ఒడియా వచ్చినా వార్డులో మాట తడబడుతుంది. ఈ మాటలు కాగితం మీద రాసి పట్టుకోండి. "దినకు దశ థర బాంతి హెఉచి", రోజుకు పదిసార్లు వాంతి అవుతోంది. "పాణి బి పేటరే రహునాహి", నీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. "కాలిఠారు పరిస్రా హెఇనాహి", నిన్నటి నుంచి మూత్రం కాలేదు. "ఓజన కమి జాఇచి", బరువు తగ్గింది. "ముండ బులాఉచి", తల తిరుగుతోంది. తర్వాత క్యాలెండరు చూపించండి. గీతలకు భాష లేదు.

ఇంటివాళ్ల వంతు

భర్త సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉంటే రోజూ ఫోనులో "తిన్నావా" అని అడగడం మానాలి. ఆ ప్రశ్నకు రోజూ "లేదు" అని చెప్పడం ఎంత నరకమో నాకు తెలుసు. "ఇవాళ ఎన్ని మార్కులు" అని అడిగితే ఉపయోగం. ఆయనకు ఆ మూడు ప్రశ్నలు నేర్పండి, 13కు చేరితే ఊళ్లో ఎవరికి ఫోను చేయాలో ముందే అనుకుని పెట్టుకోమనండి.

ఎంతో కోరుకున్న కడుపైనా, ఈ బాధలో "ఇది వద్దు" అనిపించే క్షణాలు వస్తాయి. చచ్చిపోతే బాగుండుననీ అనిపిస్తుంది. నాకు రెండూ అనిపించాయి, ఆ సంగతి పిల్లవాడు నడిచేదాకా ఎవరికీ చెప్పలేదు. మీరు అలా దాచుకోకండి. వార్డులో నర్సుకు చెప్పండి, లేదా టెలి మానస్ 14416కు చేయండి. పగలూ రాత్రీ ఎత్తుతారు, ఖర్చు లేదు, భాష ఎంచుకోవచ్చు.

మళ్లీ కడుపు వస్తే

ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. నాకు వచ్చింది. ఈసారి నెల తప్పిన వారానికే, వాంతులు ముదరకముందే, పాత క్యాలెండరు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. మాత్ర ముందే మొదలుపెట్టించారు. వాంతులు రాకపోలేదు, కానీ రోజుకు అయిదారు దగ్గర ఆగాయి. బరువు కిలోన్నర తగ్గి నిలబడింది. ఒకే ఒక్కసారి సెలైను పెట్టించుకున్నాను, థయమిన్ తర్వాత.

పదిహేడో వారంలో ఒక మధ్యాహ్నం పక్కింట్లో సుఖువా వేగుతున్న వాసన వచ్చింది. గుమ్మం దాటబోయి ఆగాను. ఆకలి వేసింది. మా అత్తగారు గిన్నె తీసుకుని పక్కింటికి పరుగెత్తారు.